సెన్సార్ కొనే ముందు పరీక్షకి డబ్బులివ్వండి

కారుకి పికప్ పోతుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. టౌనుకి తీసుకెళ్తే మెకానిక్ స్కానర్ పెట్టి, "ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయిందండి, మార్చాలి" అంటాడు. మనం అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత అవుద్ది?"

నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది అది కాదు. "పోయిందని ఎట్లా తేలింది?" అని అడగాలి. ఈ ప్రశ్న అడగక, బాగున్న సెన్సార్లని తుక్కులో వేసి కొత్తవాటికి వేలు కడుతున్నాం. అసలు జబ్బు మాత్రం బండిలోనే ఉండిపోతోంది. ఈ పోస్టు దాని గురించే. కాస్త పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో కారో, డీజిల్ పికప్పో ఉన్నోళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

ముందు ఈ సెన్సార్ చేసే పనేంటో తెలుసుకుందాం. అది తెలియకపోతే ఎవరు ఏం చెప్పినా తలూపడమే మిగులుతుంది.

ఇంజిన్‌కి మనం పోసేది ఆయిలే అయినా, అది తినేదాంట్లో ఎక్కువ భాగం గాలి. పెట్రోలు సరిగ్గా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పాలంటే ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి. మనం మందు కలుపుకునే 200 లీటర్ల డ్రమ్ములు 45 అనుకోండి. ఇంత గాలి లోపలికి పోతుంటే దానికి తగ్గ పెట్రోలు ఎంతో ఇంజిన్ కంప్యూటర్ లెక్కేయాలి. షెడ్డులో దాన్నే ఈసీఎమ్ అంటారు. ఆ లెక్కకి గాలి తూకం చెప్పే కాటా ఈ ఎయిర్ ఫ్లో సెన్సార్. కొందరు మాఫ్ సెన్సార్ అంటారు, కొందరు ఎయిర్ ఫ్లో మీటర్ అంటారు. అన్నీ ఒకటే.

ఇది ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, గొట్టం మొదట్లో ఉంటుంది. లోపల సన్నని తీగో, పొరో ఉంటుంది. దాన్ని కరెంటుతో వేడి చేసి, వచ్చే గాలి కంటే బాగా ఎక్కువ వేడిలో నిలబెడతారు. వేడి టీ మీద ఊదితే చల్లారుతుంది కదా, అట్లాగే గాలి ఎంత ఎక్కువ పోతే ఆ తీగ అంత చల్లబడుతుంది. మళ్ళీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఇంత గాలి పోయిందని లెక్క చెప్తుంది. అంతే దాని పని. అందులో తిరిగే చక్రాలు లేవు, అరిగే పళ్ళు లేవు. కాబట్టి దానంతట అది పాడవడం కంటే దుమ్ము పట్టడం, నూనె ఆవిరి అంటుకోవడం, వైరు తెగడం ఎక్కువ.

ఇంకో సంగతి. పెట్రోలు బండిలో ఈ సెన్సార్ లెక్క తప్పితే పెట్రోలు పాలు నేరుగా తప్పుతుంది. ఐడిలింగ్ వణుకుతుంది, మిస్సింగ్ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. డీజిల్‌లో కథ వేరు. అక్కడ డీజిల్ ఎంత కొట్టాలనేది ముఖ్యంగా మన కాలు చెప్తుంది. సెన్సార్ లెక్కని ముఖ్యంగా రెండు పనులకి వాడతారు. ఒకటి, పొగ రాకుండా డీజిల్‌కి పై హద్దు పెట్టడం. రెండు, ఈజీఆర్ వాల్వుని ఎంత తెరవాలో చూసుకోవడం. ఈజీఆర్ అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత తిప్పి మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో అసలు దొంగ చాలాసార్లు ఇదే.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది: మీ బండికి అసలు ఈ సెన్సార్ ఉందా? మన దగ్గర తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఇది ఉండదు. వాటికి మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అది గాలిని తూచదు, ఇంజిన్‌లోకి పోయే గొట్టంలో ఒత్తిడి చూసి గాలి ఎంతో అంచనా వేస్తుంది. ఎయిర్ ఫ్లో సెన్సార్ కామన్ రైల్ డీజిల్ బళ్ళలో ఎక్కువ కనపడుతుంది. లేని పార్టుకి ఎవరైనా బిల్లు రాస్తే తెలుసుకునేంత జ్ఞానమైనా మనకి ఉండాలి కదండీ.

ఇప్పుడు స్కానర్ సంగతి.

స్కానర్ చూపించే కోడ్ ఎఫ్ఐఆర్ లాంటిది, కోర్టు తీర్పు కాదు. ఫలానా వాడి మీద ఫిర్యాదు వచ్చిందని రాసి ఉంటుంది. వాడే చేశాడని తేలలేదు. ఎయిర్ ఫ్లో మీద వచ్చే కోడ్‌లు ముఖ్యంగా నాలుగు. పీ0100 అంటే ఆ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉంది. పీ0102 అంటే సెన్సార్ నుంచి రావాల్సిన సిగ్నల్ మరీ తక్కువ వస్తోంది. పీ0103 అంటే మరీ ఎక్కువ వస్తోంది. ఈ మూడూ వస్తే ముందు వైరింగ్, కప్లర్ చూడాలి. వైరు తెగినా, కప్లర్‌లో పిన్ను పచ్చగా తుప్పు పట్టినా, ఎర్త్ సరిగ్గా అందకపోయినా ఇవే కోడ్‌లు వస్తాయి.

పీ0101 మాత్రం చాలా మందిని బోల్తా కొట్టిస్తుంది. దాని అర్థం "సెన్సార్ పోయింది" అని కాదు. "ఈ ఆర్‌పీఎమ్‌కి ఇంత గాలి రావాలని నేను లెక్కేసుకున్నా, సెన్సార్ వేరే లెక్క చెప్తోంది, రెండూ కుదరట్లా" అని ఈసీఎమ్ అంటోంది. కుదరకపోవడానికి సెన్సార్ తప్పు చెప్పడం ఒక కారణం. గాలే నిజంగా తక్కువ రావడం ఇంకో కారణం. ఫిల్టర్ మూసుకుపోయినా, గొట్టం చిరిగినా, టర్బో హోస్ వదులైనా, ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే కోడ్ వస్తుంది.

మా బాబాయి గారి డీజిల్ కారుకి జరిగింది ఇదే. పత్తి తీతల టైములో కారు ఎత్తు ఎక్కనని మొరాయించింది, వెనకాల నల్ల పొగ. టౌన్లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే పీ0101 వచ్చింది, ఎయిర్ ఫ్లో సెన్సార్ మార్చారు. నాలుగు రోజులు బాగానే నడిచింది, మళ్ళీ లైటు. రెండో షెడ్డు వాళ్ళు "వాళ్ళేసింది డూప్లికేట్ అండీ" అని ఇంకోటి వేశారు. మళ్ళీ వారం బాగుంది, మళ్ళీ అదే. మూడో చోట ఒక పెద్దాయన ముందే చెప్పాడు, "చూడ్డానికి ఐదొందలు తీసుకుంటా, పార్టు ఏదీ మార్చకపోయినా తీసుకుంటా" అని. బాబాయికి కోపం వచ్చింది గానీ సరే అన్నాడు. అరగంటలో తేలింది. ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఊడదీసి శుభ్రం చేసి, మొదట పీకేసిన పాత సెన్సారే మళ్ళీ పెట్టాడు. ఏడాది దాటింది, అదే సెన్సార్‌తో నడుస్తోంది.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ పాత సెన్సార్ మొదటి రోజు నుంచి నిజమే చెప్తోంది. ఈజీఆర్ నుంచి పొగ వచ్చి చోటు ఆక్రమిస్తే బయటి గాలి నిజంగానే తక్కువ వస్తుంది. "గాలి తక్కువ వస్తోందయ్యా" అని అది చెప్తే, చెప్పినోడినే పీకి అవతల పారేశారు. మరి పార్టు మార్చాక నాలుగు రోజులు ఎందుకు బాగుందంటే, మార్చినప్పుడు కోడ్ కొట్టేస్తారు. చాలా బళ్ళలో కోడ్ కొట్టేశాక లైటు మళ్ళీ వెలగాలంటే అదే తప్పు ఒకటి కంటే ఎక్కువ ట్రిప్పుల్లో కనపడాలి. ఆ సందులో మనకి రోగం తగ్గినట్టు అనిపిస్తుంది. ఇరుక్కున్న వాల్వు ఒక్కోసారి కాస్త కదులుతుంది కూడా. "మార్చాక బాగుంది కదా" అనేది రుజువు కాదు.

సరే, రుజువు ఏంటి మరి? తక్కువ ఖర్చు పని నుంచి ఎక్కువ ఖర్చు పనికి వరసగా చెప్తాను. ఇందులో సగం మన ఇంటి ముందే చేసుకోవచ్చు.

1. కళ్ళతో చూడటం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. ఫిల్టర్ ఎట్లా ఉంది? డబ్బా క్లిప్పులు అన్నీ పడ్డాయా? రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందా? ఫిల్టర్ దాటాక లోపలి వైపు వేలు పెట్టి చూస్తే దుమ్ము అంటుకుందంటే, ఫిల్టర్ పక్కనుంచి గాలి దొంగదారిన పోతోందని అర్థం. మన కారు తిరిగేది మిరప కల్లాలు, హార్వెస్టర్ దుమ్ము, మట్టి డొంకలు. కంపెనీ పుస్తకంలో మామూలు రోడ్డుకి ఒక లెక్క, దుమ్ము రోడ్లకి ఇంకో లెక్క ఉంటుంది. మనకి వర్తించేది రెండోది. ఫిల్టర్‌ని పంచర్ షాపు కంప్రెసర్‌తో ఫుల్ ప్రెషర్‌లో ఊదించడం మంచి పని కాదు. కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి, ఆ దుమ్మంతా సెన్సార్ తీగ మీద కూర్చుంటుంది.

2. గొట్టాలు. సెన్సార్ నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని మడతల దగ్గర వంచి చూడాలి. మడతలో సన్నని చీలిక ఉంటే పైకి కనపడదు. పెట్రోలు బండిలో ఆ చీలిక నుంచి పోయే గాలి కాటా మీద తూగని సరుకు. డీజిల్ టర్బో బండి అయితే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడినుంచి ఇంజిన్‌కి పోయే గొట్టాలు చూడాలి. జాయింటు దగ్గర తడిగా నూనె మరక, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ లీకు ఉందని అనుమానించాలి.

3. ఎలకలు. నవ్వకండి. గడ్డివాము పక్కనో, గింజలు పోసిన కొట్టం పక్కనో కారు పెట్టే మనకి ఇది పెద్ద సంగతి. బానెట్ కింద వెచ్చగా ఉంటుందని ఎలకలు దూరి వైరింగ్ కొరుకుతాయి. సెన్సార్ కప్లర్ నుంచి వెనక్కి ఒక మూరెడు వైరింగ్‌ని పైటేపు విప్పి చూడమనండి. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యానుకి, బెల్టుకి దూరంగా చెయ్యి ఉంచుకుని, కప్లర్‌ని మెల్లగా కదిపినప్పుడు ఐడిలింగ్ మారితే జబ్బు కప్లర్‌లోనో వైరులోనో ఉంది.

4. మీటరు. కీ ఆన్ చేసి, కప్లర్ దగ్గర కరెంటు వస్తోందా, ఎర్త్ సరిగ్గా ఉందా అని చూడాలి. చాలా బళ్ళలో సెన్సార్‌కి బ్యాటరీ వోల్టేజీ, అంటే 12 వోల్టులు వస్తుంది. ఏ పిన్నుకి ఏది రావాలో బండిని బట్టి మారుతుంది, ఆ బండి వైరింగ్ బొమ్మ చూసే చెయ్యాలి. అందాల్సిన కరెంటే అందకపోతే కొత్త సెన్సార్ పెట్టినా అంతే. మోటారుకి ఒక ఫేజు రాకపోతే మోటారు మారుస్తామా?

5. లైవ్ డేటా. ఇది అసలు పరీక్ష. కోడ్ చదవడం ఒక నిమిషం పని, లైవ్ డేటా చదవడానికే మెకానిక్ తెలివి కావాలి. స్కానర్‌లో ఎయిర్ ఫ్లో సెకనుకి ఎన్ని గ్రాములో కనపడుతుంది. కొన్ని డీజిల్ బళ్ళలో ఒక్కో స్ట్రోకుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. అది సరైన అంకెనా కాదా అనేది మామూలు గుణకారంతో అంచనా వేయొచ్చు.

ఒక ఉదాహరణ. 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, ఐడిలింగ్ 800 ఆర్‌పీఎమ్ అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంతా గాలి పీలుస్తుంది, అంటే చుట్టుకి ముప్పావు లీటరు. 800ని 60తో భాగిస్తే సెకనుకి 13 చుట్లకి పైన. అంటే సెకనుకి 10 లీటర్ల గాలి. లీటరు గాలి తూకం దాదాపు 1.2 గ్రాములు, ఎండాకాలం ఇంకాస్త తక్కువ. సిలిండరు ఎప్పుడూ నూటికి నూరు నిండదు కాబట్టి కొంత తీసేస్తే 10 గ్రాముల దగ్గర రావాలి. ఇది ఈజీఆర్ మూసి ఉన్నప్పటి లెక్క. ఈజీఆర్ తెరుచుకుంటే అంకె బాగా పడిపోతుంది. మంచి స్కానర్ ఉంటే అందులోంచే ఈజీఆర్‌ని మూయమని, తెరవమని ఆర్డర్ ఇవ్వొచ్చు. మూయమన్నప్పుడు అంకె పెరిగి 10 దగ్గరికి వస్తే సెన్సార్ బాగానే ఉందన్నమాట. ఎంత మూయమన్నా అంకె కదలకుండా కిందే ఉంటే ఈజీఆర్ ఇరుక్కుని ఉండొచ్చు, సెన్సారే తక్కువ చెప్తుండొచ్చు. అప్పుడు ఈజీఆర్ ఊడదీసి కళ్ళతో చూస్తే తేలిపోతుంది.

పెట్రోలు బండికి ఈ లెక్క నేరుగా పనిచేయదు. ఐడిలింగ్‌లో త్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి గాలి చాలా తక్కువ పోతుంది. అక్కడ చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. అంటే ఈసీఎమ్ తన లెక్క మీద ఎంత శాతం పెట్రోలు కలుపుతోంది, ఎంత తగ్గిస్తోంది అని. అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే పెద్ద కంగారు లేదు. ఐడిలింగ్‌లో 20 దాకా కలుపుతూ, 2500 ఆర్‌పీఎమ్‌కి రాగానే మామూలుకి వస్తే గొట్టంలో గాలి లీకు మీద అనుమానం. ఐడిలింగ్‌లో బాగానే ఉండి, లోడు పెరిగే కొద్దీ కలపడం పెరిగిపోతుంటే సెన్సార్ తక్కువ తూస్తోంది, లేదా పెట్రోలు పంపు, ఫిల్టర్ బలం చాలట్లేదు. పెట్రోలు ప్రెషర్ ఒకసారి చూస్తే ఆ రెండిట్లో ఏదో తేలుతుంది. సెన్సార్ ఊసే లేకుండా పీ0171 అనే కోడ్, అంటే పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ అనే కోడ్ వచ్చినా ఇదే దారి.

6. పీకి చూడటం. చాలామందికి తెలిసిన చిట్కా ఇది. సెన్సార్ కప్లర్ పీకేస్తే ఈసీఎమ్ తన దగ్గరున్న అంచనా అంకెతో బండి నడుపుతుంది. పీకాక బండి ముందుకంటే బాగా నడిస్తే సెన్సార్ తప్పు చెప్తోందని అనుమానించొచ్చు. పెట్రోలు బండికి ఇది మంచి చిట్కానే. డీజిల్‌కి మాత్రం ఇందులో ఒక మెలిక ఉంది. చాలా డీజిల్ బళ్ళలో ఈ కప్లర్ పీకగానే ఈసీఎమ్ ఈజీఆర్‌ని కూడా ఆపేస్తుంది. అప్పుడు బండి బాగా నడిస్తే, సెన్సార్ లేకపోవడం వల్ల బాగుందా, ఈజీఆర్ ఆగడం వల్ల బాగుందా? చెప్పలేం. "పీకితే బాగుంది కాబట్టి సెన్సార్ పోయింది" అనే తీర్పు డీజిల్ విషయంలో సగం తీర్పే.

7. మార్చి చూడటం. మన ఊళ్ళకి ఉన్న పెద్ద వసతి ఇది, షోరూముల్లో కూడా దొరకదు. ఒక మోడల్ బాగుందంటే ఊళ్ళో నలుగురూ అదే కొంటారు కదా. అదే మోడల్, అదే ఇంజిన్ ఉన్న పక్కింటి కారు సెన్సార్ పది నిమిషాలు అడిగి తీసుకుని, నంబరు ఒకటేనో కాదో చూసి, కీ ఆపి మార్చి చూస్తే సరిపోతుంది. జబ్బు సెన్సార్‌తో పాటు పక్క కారుకి పోయిందా, సెన్సార్ దోషం. ఇక్కడే ఉండిపోయిందా, సెన్సార్ నిర్దోషి. దీనికి ఖర్చు రెండు టీలు.

ఇవన్నీ అయ్యాక సెన్సార్ మీదే అనుమానం నిలబడితే, అప్పుడు కూడా ముందు కడిగి చూడాలి. ఎయిర్ ఫ్లో సెన్సార్‌కని ప్రత్యేకంగా స్ప్రే డబ్బా దొరుకుతుంది, అదే వాడాలి. కార్బొరేటర్ స్ప్రేలు, పెట్రోలు, బట్ట, బ్రష్షు, కంప్రెసర్ గాలి, ఇవేవీ దాని దగ్గరికి రానివ్వకండి. ఆ తీగ వెంట్రుకంత నాజూకు. దూరం నుంచి స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి పోయే వైపు బాణం గుర్తు చూసుకుని బిగించాలి. కడిగాక అంకెలు సరైన చోటికి వస్తే పని అయిపోయింది. రాకపోతే కొత్తది కొనండి, అప్పుడు కొన్నా బాధ లేదు. కొనేటప్పుడు పాతదాని మీద నంబరు చూసి కంపెనీ సరుకే తీసుకోండి. మరీ చవకగా వచ్చే డూప్లికేట్లు గాలిని తప్పు తూస్తే కొత్త జబ్బు కొనుక్కున్నట్టే. బిగించాక లైవ్ డేటా మళ్ళీ చూపించమనండి. ముందు అంకె ఎంత, ఇప్పుడు అంకె ఎంత, రెండూ మీ కళ్ళతో చూడండి.

ఒక హెచ్చరిక కూడా. "ఈజీఆర్‌కి రేకు కొట్టి మూసేద్దాం, గొడవ ఉండదు" అనే సలహా షెడ్డుల్లో గట్టిగా వినపడుతుంది. అది పొల్యూషన్ నిబంధనలకి విరుద్ధం. పైగా ఈసీఎమ్ గమనించి ఇంకో కోడ్ వేస్తుంది, మళ్ళీ ఇంకో షెడ్డు చుట్టూ తిరగాలి. శుభ్రం చేస్తే పోయేదానికి గొంతు నొక్కడం ఎందుకు?

ఇప్పుడు అసలు మాటకి వస్తాను.

ఇన్ని పరీక్షలు ఉండగా చాలా షెడ్డుల్లో ఎందుకు చెయ్యరు? మెకానిక్‌లంతా మోసగాళ్ళు అనేయడం సులువు. నేను ఆ మాట అనను. వాళ్ళ వైపు నుంచి చూడండి. పైన చెప్పిన పరీక్షలన్నీ పద్ధతిగా చేస్తే గంట, గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరకి మనం ఏమిస్తున్నాం? "చూసినందుకు డబ్బులేంటయ్యా, ఏమన్నా మార్చావా?" అంటాం. పార్టు మార్చితే మాత్రం మారు మాట్లాడకుండా వేలు కడతాం, ఎందుకంటే చేతికి ఒక డబ్బా కనపడుతుంది. అంటే మనం కట్టే పద్ధతే ఆయనకి చెప్తోంది: బుర్ర వాడకు, పార్టు అమ్ము అని. పరీక్ష చేసి "ఏం లేదండీ, క్లిప్పు ఊడింది, పెట్టేశా" అని నిజాయితీగా చెప్పినవాడికి దక్కేది ఒక థ్యాంక్స్. అనవసరంగా సెన్సార్ అమ్మినవాడికి దక్కేది లాభం. ఇట్లా అయితే నిజాయితీ ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పొలంలో జరిగేదీ ఇదే కదండీ. ఆకు పసుపు తిరగ్గానే మందుల షాపుకి పోయి ఫోన్లో ఫొటో చూపిస్తాం. ఆయన సలహా ఉచితం, డబ్బులు మందులో ఉంటాయి. ఉచిత సలహా ఇచ్చేవాడు రెండు డబ్బాలు అమ్మకుండా ఎందుకు పంపుతాడు? పసుపు తిరగడానికి నత్రజని లోపం ఉండొచ్చు, జింకు లోపం ఉండొచ్చు, వేరు దగ్గర నీళ్ళు నిలిచి ఉండొచ్చు. వేరు పీకి చూసినవాడికి తెలుస్తుంది, ఫొటో చూసినవాడికి తెలియదు. స్కానర్ కోడ్ కూడా ఫొటో లాంటిదే.

"నిజంగా సెన్సార్ పోతే పరీక్ష డబ్బులు దండగే కదా" అని ఎవరైనా అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సెన్సార్లు నిజంగా పోతాయి, కోడ్ చూసి మార్చిన వాటిలో కొన్ని సరిగ్గానే మార్చి ఉంటారు. చేతి అనుభవం ఉన్న మెకానిక్ శబ్దం విని చెప్పింది నిజం కూడా అవుతుంది. అయినా లెక్క చూడండి. పరీక్షకి ఐదొందలో వెయ్యో. సెన్సార్ బండిని బట్టి కొన్ని వేలు. తప్పు తీర్పు ఒక్కసారి తప్పినా ఎన్నో పరీక్షల ఖర్చు తిరిగొచ్చేస్తుంది. పైగా డబ్బు ఒక్కటే కాదు. కోతల టైములో బండి వారం షెడ్డులో ఉంటే కూలోళ్ళని తీసుకురావడం, యార్డుకి పోవడం, అర్ధరాత్రి ముసలోళ్ళకి ఆయాసం వస్తే ఆస్పత్రికి పోవడం, ఇవన్నీ ఆగుతాయి. ఇంటికి ఉన్నది ఒక్క బండి అయినప్పుడు, తప్పు వైద్యం ఖరీదు బిల్లులో కనపడే దానికంటే ఎక్కువే.

అందుకే నా మాట: ఈసారి షెడ్డుకి పోయినప్పుడు మీరే ముందు చెప్పండి. "అన్నా, చూసినందుకు ఇంత ఇస్తా. ఏదీ మార్చకపోయినా ఇస్తా. కానీ పరీక్ష చేసి చూపించాలి." ఆ తర్వాత నాలుగు అడగండి. కోడ్ నంబరు ఎంత? ఫిల్టర్, గొట్టాలు, వైరింగ్ చూశావా? లైవ్ డేటాలో అంకె ఎంత వస్తోంది, ఎంత రావాలి? ఈజీఆర్ మూస్తే ఆ అంకె మారిందా? ఈ నాలుగిటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడు దొరికితే, ఆ షెడ్డుని వదలకండి, నలుగురికీ చెప్పండి. "అవన్నీ మీకెందుకండీ" అన్నాడంటే కీ తీసుకుని వచ్చేయండి.

ఊళ్ళో చదువుకున్న పిల్లలకి కూడా ఒక పని చెప్తా. గత పదేళ్ళలో వచ్చిన కార్లకి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్లు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతున్నాయి, ఫోన్లో యాప్ పెట్టుకుంటే చాలు. అన్ని బళ్ళకీ అన్నీ చూపించవు గానీ కోడ్, గాలి అంకె చాలావాటికి చూపిస్తాయి. పదిళ్ళ వాళ్ళం కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ముఖ్యంగా బండి బాగున్నప్పుడే ఐడిలింగ్‌లో గాలి అంకె ఎంత వస్తోందో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు జబ్బు చేసినప్పుడు పోల్చుకోవడానికి దానికంటే మంచి అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇదంతా కార్ల గొడవేలే అనుకోకండి. 2020 ఏప్రిల్ నుంచి కార్లకి, లారీలకి బీఎస్ 6 వచ్చింది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి కూడా కొత్త పొల్యూషన్ నిబంధనలు వచ్చాయి. వాటిలోనూ కామన్ రైలు, ఈసీఎమ్, సెన్సార్లు వచ్చేశాయి. స్పానరు, సుత్తి, చెవి, ఈ మూడిటితో ట్రాక్టరు బాగుచేసిన రోజులు పోతున్నాయి. రేపు దమ్ము చేస్తూ మడి మధ్యలో ట్రాక్టరు చెక్ లైటు వెలిగితే, అప్పుడు కూడా "ఏదో ఒకటి మార్చెయ్యి, తొందరగా" అంటామా? పరీక్ష చేసేవాడికి విలువిచ్చే అలవాటు కారు దగ్గరే మొదలుపెడితే, ట్రాక్టరు దాకా వచ్చేసరికి మన చుట్టుపక్కల అట్లాంటి మెకానిక్‌లు నలుగురైనా తయారవుతారు.

మీ బండికి సెన్సార్ మార్చినా జబ్బు పోని అనుభవం ఉంటే, చివరికి అసలు కారణం ఏం తేలిందో రాయండి. షెడ్డు పేరు, మనిషి పేరు వద్దు. జబ్బు, కోడ్, చివరికి దొరికిన దోషం, ఈ మూడూ చాలు. అదే మోడల్ బండి ఉన్న ఇంకో రైతుకి కొన్ని వేలు మిగులుతాయి.